ఓడలకూ ఉంది రిస్క్ రేటింగ్

2025 మే 25న కొచ్చి తీరానికి దూరంగా, అరేబియా సముద్రంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటెయినర్ ఓడ మునిగిపోయింది. విజింజం రేవు నుంచి కొచ్చికి వస్తూ ముందురోజే అది ఒక పక్కకు ఒరిగిపోయింది. అందులోని 24 మందినీ మన కోస్ట్ గార్డ్, నౌకాదళం కాపాడాయి. ఓడలో ఉన్న 640 కంటెయినర్లలో కొన్ని కేరళ తీరానికి కొట్టుకొచ్చాయి. ప్లాస్టిక్ గుళికలు బస్తాలకు బస్తాలు ఇసుకలో కలిశాయి. ఆ ఓడ 1997లో తయారైంది, లైబీరియా జెండాతో తిరిగేది.

అది ఎందుకు మునిగిందో తేల్చడం దర్యాప్తు అధికారుల పని. అయితే ఇలాంటి వార్త చదవగానే ఎవరికైనా కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఓడలను ఎవరు తనిఖీ చేస్తారు? రేవుకొచ్చిన ప్రతి ఓడనూ చూస్తారా? కొన్నింటినే చూస్తే, ఆ కొన్నింటినీ ఎలా ఎంచుకుంటారు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ సాయపడుతోంది. ఈ వ్యాసం దాని గురించే.

దీనికీ మన బ్యాంకుకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. మన దేశపు విదేశీ వాణిజ్యంలో సరుకు పరిమాణం లెక్కన దాదాపు 95 శాతం సముద్రం మీదుగానే సాగుతుంది. ట్రేడ్ ఫైనాన్స్ డెస్క్‌లో నేను పనిచేసిన రోజుల్లో చేతికొచ్చే ప్రతి బిల్ ఆఫ్ లేడింగ్ మీదా ఒక ఓడ పేరు ఉండేది. కొన్ని లెటర్ ఆఫ్ క్రెడిట్లలో ఓడ వయసు ఇన్నేళ్లు దాటకూడదు అన్న షరతు కూడా ఉండేది. సరుకు మీద మనం ఇచ్చిన అప్పు ఆ ఓడ మీదే ప్రయాణిస్తుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ వైపు మర్చంట్ నేవీలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. మన సిబ్బంది కుటుంబాల్లోనూ అలాంటివారు ఉన్నారు.

రేవులో తనిఖీ ఎందుకు?

ప్రతి ఓడా ఏదో ఒక దేశంలో రిజిస్టరై, ఆ దేశపు జెండా ఎగరేస్తుంది. ఓడ భద్రత చూడవలసిన మొదటి బాధ్యత ఆ జెండా దేశానిదే. కానీ యజమాని ఒక దేశం, నిర్వహించే కంపెనీ ఇంకో దేశం, జెండా మరో దేశం, నావికులు మనవాళ్లు అయ్యే రోజులివి. పనామా, లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ జెండాలతో వేలాది ఓడలు తిరుగుతాయి. వాటిలో చాలావాటికి జెండా దేశపు రేవులతో పనే పడదు.

1978 మార్చిలో లైబీరియా జెండా ఉన్న అమోకో కాడిజ్ అనే ట్యాంకరు ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో రాళ్లకు కొట్టుకుని విరిగిపోయింది. రెండు లక్షల టన్నులకు పైగా ముడి చమురు సముద్రం పాలైంది. జెండా దేశాన్ని మాత్రమే నమ్ముకుంటే లాభం లేదని ఐరోపా దేశాలకు అర్థమైంది. 1982 జనవరిలో 14 దేశాల నౌకాయాన అధికారులు ప్యారిస్‌లో ఒక అవగాహన ఒప్పందం చేసుకున్నారు. తమ రేవుకు వచ్చిన విదేశీ ఓడను ఆ రేవు దేశమే ఎక్కి చూడవచ్చు. ప్రమాదకరమైన లోపం కనపడితే, సరిచేసేదాకా కదలనివ్వకుండా నిలిపివేయవచ్చు. దీన్నే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అంటారు. ఆ తర్వాత ఆసియా–పసిఫిక్ దేశాలకు టోక్యో ఒప్పందం, మన ప్రాంతానికి హిందూ మహాసముద్ర ఒప్పందం వచ్చాయి. మన దేశంలో ఈ తనిఖీలు చేసేది మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ సర్వేయర్లు.

సర్వేయరు ఓడ ఎక్కితే ముందు సర్టిఫికెట్లు చూస్తారు. తర్వాత లైఫ్ బోట్ కిందికి దిగుతుందా, ఫైర్ పంపు పనిచేస్తుందా, ఇంజిన్ రూంలో నూనె కారుతోందా, నీళ్లు చొరబడకుండా మూతలు గట్టిగా పడుతున్నాయా అని చూస్తారు. సముద్ర కార్మికుల ఒప్పందం అమల్లోకి వచ్చాక నావికుల జీతాలు, తిండి, పడక, విశ్రాంతి గంటలు కూడా తనిఖీలో భాగమయ్యాయి. ఆ ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది.

ఇదంతా గంటల తరబడి పట్టే పని. సర్వేయర్లు కొద్దిమంది, వచ్చే ఓడలు చాలా. మన ఇన్‌స్పెక్షన్ విభాగానికీ ఉన్న ఇబ్బంది ఇదే. అన్ని బ్రాంచిలనూ ప్రతి నెలా ఆడిట్ చేయలేం కాబట్టి, రిస్కు ఎక్కువున్న చోటికి ముందు వెళతాం. ఓడల విషయంలోనూ అదే దారి పట్టారు.

మార్కుల పట్టిక

2011 జనవరి 1 నుంచి ప్యారిస్ ఒప్పంద దేశాలు కొత్త తనిఖీ పద్ధతి మొదలుపెట్టాయి. 2014లో టోక్యో ఒప్పంద దేశాలు కూడా అలాంటి బాటే పట్టాయి. ప్యారిస్ పద్ధతిలో ప్రతి ఓడకూ మార్కులు వేస్తారు. ఇవి పరీక్షలో వచ్చే మార్కుల్లాంటివి కావు, ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువని అర్థం.

చమురు ట్యాంకర్లు, రసాయనాల ట్యాంకర్లు, గ్యాస్ ఓడలు, బల్క్ క్యారియర్లు, ప్రయాణికుల ఓడలైతే 2 మార్కులు. వయసు 12 ఏళ్లు దాటితే 1. జెండా దేశం రికార్డు బాగా లేకపోతే 1 లేదా 2. సర్టిఫికెట్లు ఇచ్చే క్లాసిఫికేషన్ సంస్థ పనితీరు తక్కువైతే 1. నిర్వహించే కంపెనీ పనితీరు తక్కువైతే 2. గత మూడేళ్లలో రెండుసార్లో అంతకన్నా ఎక్కువో నిలిపివేతకు గురైతే 1. మొత్తం 5 గానీ, అంతకు మించి గానీ అయితే అది హై రిస్క్ ఓడ. దాన్ని 5–6 నెలలకోసారి చూస్తారు. మామూలు ఓడలను 10–12 నెలలకోసారి, రికార్డు చాలా బాగున్న లో రిస్క్ ఓడలను 24–36 నెలలకోసారి చూస్తారు.

ఇరవై ఏళ్ల బల్క్ క్యారియర్‌కు రకాన్ని బట్టి 2, వయసును బట్టి 1 వస్తాయి. కంపెనీ పనితీరు కూడా తక్కువైతే ఇంకో 2. మొత్తం 5, అంటే హై రిస్క్. కాగితం మీద ఎవరైనా లెక్కేసుకోవచ్చు. ఓడ యజమానికి ముందే తెలుసు, సర్వేయరు కారణం చెప్పగలరు. ఈ పద్ధతికున్న పెద్ద బలం అదే.

బలహీనతా అందులోనే ఉంది. వయసు 13 ఏళ్లైనా, 33 ఏళ్లైనా పడేది ఒకటే మార్కు. మంచి కంపెనీ చేతిలో పాత ఓడ క్షేమంగా నడవవచ్చు, నిర్లక్ష్యపు కంపెనీ చేతిలో కొత్త ఓడ కూడా చెడిపోవచ్చు. కొన్ని అంశాలు విడివిడిగా ప్రమాదకరం కాకపోయినా, కలిస్తే ప్రమాదం. కూడికల పట్టిక ఈ కలయికలను సరిగ్గా పట్టుకోలేదు.

యంత్రం ఏం నేర్చుకుంటుంది?

మెషిన్ లెర్నింగ్ ప్రవేశించింది ఇక్కడే. పాత తనిఖీల రికార్డులన్నీ ఒక పెద్ద రిజిస్టరు అనుకోండి. ఒక్కో వరుసలో ఒక్కో తనిఖీ. ఓడ వయసు, రకం, టన్నేజీ, జెండా, క్లాసిఫికేషన్ సంస్థ, కంపెనీ, గత తనిఖీలో దొరికిన లోపాలు, ఆ తనిఖీ జరిగి ఎన్ని నెలలైంది, జెండా ఎన్నిసార్లు మారింది వంటివన్నీ నిలువు గడులు. చివరి గడిలో ఫలితం ఉంటుంది: ఎన్ని లోపాలు దొరికాయి, ఓడను ఆపారా లేదా. యంత్రం వేల వరుసలు చదివి, ముందున్న గడులకూ చివరి గడికీ ఉన్న సంబంధాన్ని తనంతట తాను కనిపెడుతుంది.

అందులో ఒక పద్ధతి డెసిషన్ ట్రీ. వయసు 15 దాటిందా? దాటితే, గత తనిఖీలో ఐదు కంటే ఎక్కువ లోపాలున్నాయా? ఉంటే, జెండా ఈమధ్యే మారిందా? ఇలా ప్రశ్న మీద ప్రశ్నగా కొమ్మలు చీలుతూ పోతుంది. ఒక్క చెట్టు మాట నమ్మితే పొరపాటు జరగవచ్చు. అందుకే రికార్డుల్లో తలా కొంత భాగం చూపించి వందల చెట్లు పెంచుతారు, అన్నిటి ఓట్లూ లెక్కేస్తారు. దాని పేరు రాండమ్ ఫారెస్ట్. పెద్ద రుణాన్ని ఒకే అధికారి కాకుండా క్రెడిట్ కమిటీ చూడటం లాంటిదే ఇది.

హాంకాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ పరిశోధకులు హాంకాంగ్ రేవు తనిఖీ రికార్డులతో ఇలాంటి నమూనాలు కట్టారు. ప్యారిస్ ఒప్పందపు రికార్డులతో బల్క్ క్యారియర్ల మీద బేసియన్ నెట్‌వర్క్ అనే మరో పద్ధతిని ప్రయోగించినవారూ ఉన్నారు. హాంకాంగ్ పరిశోధకుల పనిలో నాకు నచ్చిన జాగ్రత్త ఒకటుంది. యంత్రానికి వాళ్లు కొన్ని హద్దులు పెట్టారు. జెండా రికార్డు దిగజారితే రిస్కు అంచనా పెరగాలే తప్ప తగ్గకూడదు. డేటాలోని ఏదో యాదృచ్ఛికాన్ని పట్టుకుని యంత్రం వింత జవాబు చెప్పకుండా, సర్వేయర్ల అనుభవాన్ని లెక్కలోనే కట్టేశారన్నమాట.

96 శాతం సరైన జవాబు, అయినా పనికిరాదు

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన లెక్క ఒకటుంది. ప్యారిస్ ఒప్పంద దేశాల్లో ఈమధ్య ఏళ్లలో వంద తనిఖీలకు సుమారు నాలుగింటిలో ఓడను ఆపుతున్నారు. వెయ్యి ఓడలు వచ్చాయి, వాటిలో ఆపవలసినవి 40 అనుకుందాం. ఒక యంత్రం ఏమీ ఆలోచించకుండా “ఏ ఓడనూ ఆపనక్కర్లేదు” అని చెప్పిందనుకోండి. 960 ఓడల విషయంలో దాని మాట నిజం. అంటే 96 శాతం ఖచ్చితత్వం! కానీ ఆపవలసిన 40 ఓడల్లో ఒక్కదాన్నీ అది పట్టుకోలేదు.

అందుకని అడగవలసిన ప్రశ్న వేరు. సర్వేయర్లు 100 ఓడలు మాత్రమే ఎక్కగలిగితే, యంత్రం ఇచ్చిన మొదటి 100 పేర్లలో ఆ 40లో ఎన్ని ఉన్నాయి? చీటీలు తీసి ఎంచుకుంటే సగటున 4 దొరుకుతాయి. యంత్రం సాయంతో 16 దొరికాయనుకుందాం. నాలుగు రెట్లు లాభం. అయినా 24 ఓడలు దాటిపోయినట్టే. మంచి నమూనా వచ్చినంత మాత్రాన ప్రమాదం పోయిందని అనుకోవడానికి వీల్లేదు.

నమూనాకు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా ఈ అరుదుతనం ఇబ్బంది పెడుతుంది. కొత్త క్యాషియరుకు అసలు నోట్లే చూపిస్తే నకిలీ నోటును ఎలా గుర్తుపడతాడు? శిక్షణలో నకిలీలను కావాలని ఎక్కువసార్లు చేతికిస్తాం. అలాగే ఆపిన ఓడల రికార్డులను ఎక్కువ పాళ్లలో చూపించి చెట్లను పెంచుతారు.

రెండు రకాల తప్పుల ఖరీదూ ఒకటి కాదు. మంచి ఓడను అనవసరంగా తనిఖీ చేస్తే కొన్ని గంటలు పోతాయి, యజమానికి ఖర్చు. చెడ్డ ఓడను వదిలేస్తే మనుషులు పోతారు. ఏ తప్పుకు ఎంత బరువు ఇవ్వాలో యంత్రం నిర్ణయించదు, దాన్ని వాడే అధికారులే నిర్ణయించాలి.

చూసిన చోటే కనిపిస్తుంది

నా దృష్టిలో అసలు చిక్కు ఇది. యంత్రం చదివిన రికార్డులన్నీ మనుషులు ఎంచుకుని ఎక్కిన ఓడలవే. ఎక్కని ఓడల్లో ఏముందో ఆ రిజిస్టరులో లేదు.

రుణాల విభాగంలో ఉన్నవారికి ఇది తెలిసిన సమస్యే. మనం అప్పు ఇచ్చినవారిలో ఎవరు తిరిగి కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో లెక్క ఉంటుంది. తిరస్కరించిన దరఖాస్తుదారు అప్పు తీసుకుని ఉంటే కట్టేవాడా అన్నది ఎప్పటికీ తెలియదు. పాత రుణాల డేటాతో తయారైన స్కోరింగ్ నమూనా పాత మేనేజర్ల అభిప్రాయాలనే తిరిగి చెప్పే అవకాశం ఉంది.

ఓడల్లోనూ అంతే. ఒక జెండాకు చెడ్డపేరు ఉంటే దాని ఓడలను ఎక్కువగా చూస్తారు. ఎక్కువగా చూస్తే ఎక్కువ లోపాలు దొరుకుతాయి. ఆ లోపాలు చదివి యంత్రం ఆ జెండాను ఇంకా పైకి నెడుతుంది. మంచిపేరున్న జెండా కింద నెమ్మదిగా పాడవుతున్న ఓడ మాత్రం జాబితా అడుగునే ఉండిపోతుంది. దీనికి మందు ఉంది. తనిఖీల్లో కొంత భాగాన్ని యంత్రం మాటతో పనిలేకుండా యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. ఆ తనిఖీల్లో పెద్దగా లోపాలు దొరకకపోవచ్చు, ఆ సమయం వృథా అనిపించవచ్చు. కానీ యంత్రం చూడని చోట ఏముందో తెలిసేది వాటి వల్లే. బ్యాంకులో సర్‌ప్రైజ్ ఇన్‌స్పెక్షన్‌ను ఎత్తేయనిది కూడా ఇందుకే.

పేరు మార్చినా మారని నంబరు

ఓడల పేర్లు, జెండాలు, యజమానులు మారిపోతుంటారు. 2022 తర్వాత రష్యా చమురు మీద ఆంక్షలు వచ్చాక, పాత ట్యాంకర్లు జెండాలు మారుస్తూ, తాము ఎక్కడున్నామో చెప్పే పరికరాలను ఆపేస్తూ తిరగడం ఎక్కువైంది. పాత అలవాట్ల మీద శిక్షణ పొందిన నమూనా ఇలాంటి కొత్త ఎత్తుల ముందు తడబడుతుంది. అందుకే దాన్ని ఎప్పటికప్పుడు కొత్త రికార్డులతో సరిచూడాలి.

ఓడ చరిత్రను పట్టి ఉంచేది దాని ఐఎంఓ నంబరు. ఏడంకెల ఆ నంబరు మనకు పాన్ లాంటిది. ఎన్ని పేర్లు మారినా, ఎన్ని జెండాలు మారినా, ఓడను తుక్కుకు అమ్మేదాకా అదే ఉంటుంది. అందులో చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టింది. పిల్లలతో సరదాగా చేయించండి: 9074729 అన్న నంబరు తీసుకుని మొదటి ఆరంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడితే 139 వస్తుంది. దాని చివరి అంకె 9. నంబరులో చివరి అంకె కూడా 9. ఇలా సరిపోకపోతే ఆ నంబరు తప్పు.

స్కోరు తీర్పు కాదు

2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయలుదేరిన డాలీ అనే కంటెయినర్ ఓడలో కరెంటు పోయింది. ఓడ అదుపు తప్పి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొట్టింది. వంతెన కూలి, దాని మీద రోడ్డు గుంటలు పూడుస్తున్న కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బంది 21 మందిలో 20 మంది భారతీయులు.

డాలీ 2015లో తయారైన ఓడ, సింగపూర్ జెండా. 2023 జూన్‌లో చిలీలోని రేవులో ఒక గేజీ లోపం నమోదైంది, దాన్ని సరిచేశారు. సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికా కోస్ట్ గార్డ్ చూసినప్పుడు లోపమేదీ దొరకలేదు. 2025 నవంబరులో అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చిన కారణం, కరెంటు వ్యవస్థలో సరిగ్గా బిగియని ఒక వైరు. వైరుకు తొడిగిన లేబులు అడ్డుపడటంతో అది కనెక్టరులో పూర్తిగా దిగలేదు. వయసు, జెండా, పాత లోపాల లెక్కల నుంచి ఏ యంత్రమూ ఆ వైరును ఊహించలేదు.

అదే రాత్రి ఇంకోటి కూడా జరిగింది. ఓడ అదుపు తప్పిందని పైలట్లు వెంటనే హెచ్చరిక పంపారు. పోలీసులు వంతెన మీదికి వాహనాలు రాకుండా ఆపారు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆ క్షణంలో పనికొచ్చింది అక్కడున్న మనుషుల మాట.

తనిఖీ నియమాల్లోనూ ఆ మాటకు చోటుంది. ప్యారిస్ పద్ధతిలో దారిలో ఢీకొట్టిన ఓడనో, నేలకు తగులుకున్న ఓడనో స్కోరు ఎంతున్నా తనిఖీ చేయాల్సిందే. పైలట్ రిపోర్టు వచ్చినా, కెప్టెనో నావికుడో ఫిర్యాదు చేసినా, గడువుతో పనిలేకుండా సర్వేయరు ఓడ ఎక్కవచ్చు. మెషిన్ లెర్నింగ్ ఎంత ముదిరినా ఈ తలుపు మూయకూడదు. ఏ ఓడను ముందు చూడాలో యంత్రం చెబుతుంది. ఆ ఓడలో ఏముందో చెప్పగలిగింది ఎక్కి చూసినవారు, అందులో బతుకుతున్నవారు.

మన ఇళ్ల నుంచి ఓడ ఎక్కేవారికి

పిల్లలను మర్చంట్ నేవీకి పంపుతున్న తల్లిదండ్రులు కూడా ఈ రేటింగ్ ఆలోచనను కొంత వాడుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందా అని నౌకాయాన శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. ఓడ పేరు చెబితే సరిపోదు, ఐఎంఓ నంబరు అడగండి. ఈక్వాసిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా రిజిస్టరై ఆ నంబరు కొడితే ఓడ వయసు, పాత పేర్లు, జెండాలు, నిర్వహించే కంపెనీ, ఏ రేవులో ఎన్ని లోపాలు దొరికాయి, ఎప్పుడైనా ఆపారా అన్నవి కనిపిస్తాయి. పదేపదే నిలిపివేతలు, తరచూ జెండా మార్పులు కనిపిస్తే ఒప్పందం మీద సంతకం చేసేముందు ఇంకోసారి ఆలోచించండి.

రికార్డు బాగుందని పూర్తిగా నిశ్చింతగానూ ఉండవద్దు. ఓడలో జీతం ఆగినా, లైఫ్ బోట్ పనిచేయకపోయినా, విశ్రాంతి లేకుండా పనిచేయిస్తున్నా, చేరిన రేవులో సర్వేయరుకు ఫిర్యాదు చేసే హక్కు ఉందని పిల్లలకు ముందే చెప్పండి. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదన్నది నియమం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు “అంతా బాగానే ఉంది” అన్న మాటతో ఆగకుండా, తిండి ఎలా ఉంది, నిద్ర సరిపోతోందా, కిందటి నెల జీతం పడిందా అని అడగండి. జీతం ఖాతా మన బ్యాంకులోనే ఉంటే ఆ చివరి ప్రశ్నకు జవాబు పాస్‌బుక్కే చెబుతుంది.